డాక్టర్, నర్సు, ఆశా: ట్రైనింగ్ విడివిడిగానా, కలిపా?

జిల్లాలో కొత్తగా పాలియేటివ్ హోమ్‌కేర్ టీమ్ (తీవ్రమైన జబ్బున్నవాళ్ల ఇంటికే వెళ్లి నొప్పి, బాధ తగ్గించే టీమ్) పెడుతున్నాం, డాక్టర్, నర్సు, సోషల్ వర్కర్, ఆశాలకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి అని అడిగారు కదా. కలిపే ఇవ్వండి. నేను ఆరేళ్లు హోమ్‌కేర్ నర్సుగా చేశా, మాకు మొదట్లో విడివిడిగా ఇచ్చారు, ఏమైందో చెప్తా.

నోటి క్యాన్సర్ పేషెంట్, తాపీ మేస్త్రి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు, పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి మాత్రం డబుల్ డోసు, నడిరాత్రి లేపక్కర్లేకుండా. వెళ్లినప్పుడల్లా "తగ్గలేదమ్మా" అనేవాడు, డాక్టర్ గారు డోసు పెంచేవారు, నేను రిజిస్టర్‌లో రాసుకొచ్చేదాన్ని. మూడోసారి బయటికొచ్చాక ఆ ఊరి ఆశా నెమ్మదిగా "మేడమ్, ఆయనకి వారం నుంచి విరేచనం అవ్వట్లేదు, అందుకని వాళ్లావిడ రోజుకి ఒకటే వేస్తోంది, మిగతావి బియ్యం డబ్బాలో పెడుతోంది" అంది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుందని తెలిసిందే, దానికి మాత్ర మొదటిరోజే రాశాం కూడా, కానీ అదెందుకో ఆవిడకి డాక్టర్ గారు చెప్పుంటారని నేను, నేను చెప్పుంటానని ఆయన. పెంచిన డోసు ఆవిడ ఏ రోజైనా భయపడి మొత్తం వేసుంటే మనిషి మత్తులోకి జారిపోయేవాడు, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని ఆశాని అడిగితే "సార్ ముందు నేనేం మాట్లాడతానండీ" అంది.

తర్వాత బ్యాచ్‌కి అందర్నీ ఒకే చోట కూర్చోబెట్టి ఇదే కేసు ఇచ్చాం. డాక్టర్ గారు పేషెంట్ భార్యలా నటించాలి, నేను ఆయనకి మందులు వివరించాలి. రెండు నిమిషాలకే ఆయన "ఆగమ్మా, ఏది ఎప్పుడో అన్నీ కలిసిపోతున్నాయి" అన్నారు! పీపీటీలు ఎన్ని చూపించినా అది రాదు. మా సోషల్ వర్కర్ అయితే అసలు మాత్రల జోలికే పోకుండా అప్పుల గురించి అడిగాడు, ఆ మేస్త్రి రాత్రుళ్లు నిద్రపోకపోవడానికి సగం కారణం కూతురి పెళ్లికి తెచ్చిన వడ్డీ డబ్బులని అప్పుడు బయటపడింది. పాలియేటివ్ కేర్‌కి దారి చూపిన బ్రిటిష్ డాక్టర్ సిసిలీ సాండర్స్ 'టోటల్ పెయిన్' (ఒంటి నొప్పితో పాటు మనసు, డబ్బు, కుటుంబ బాధలన్నీ కలిసిన నొప్పి) అన్నది ఇదే, క్లాసులో విన్నప్పుడు నాకు ఎక్కలేదు.

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, తిరువనంతపురంలోని పాలియం ఇండియా అనే పాలియేటివ్ కేర్ సంస్థలో ట్రైనింగ్ ఉంటుంది, వీలైతే నలుగుర్నీ ఒకే బ్యాచ్‌లో పంపండి. డాక్టర్లకి టైమ్ లేదంటారు, మాకూ అన్నారు. మేం తిరిగొచ్చేటప్పుడు బండిలోనే పావుగంట మాట్లాడుకునేవాళ్లం, ముందు ఆశా చెప్పాలి, డాక్టర్ గారు ఆఖర్న. మొదటి నెల ఆశా "ఏం లేదండీ" అనేసి ఊరుకునేది, కాస్త ఓపిక పట్టండి.