అతడు ఎక్కడ నిలబడ్డాడు?

అమ్మాయీ, ఆశీస్సులు.

దక్షిణ కొరియా ఫుట్‌బాల్ డిఫెండర్, తర్వాత కోచ్ అయిన హాంగ్ మ్యుంగ్ బో మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "2014లో కొన్ని ఒడిదుడుకులు ఎదురైనా వాటిని అధిగమించి ఆయన ముందుకు సాగారు" అని రాశావు. ఒక మనిషిని దేశమంతా తిట్టిన కాలాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. భాష బాగుంది, అది కూడా చెప్పాలి.

వ్యాసంలో తొమ్మిది చోట్ల అతడిని గోడ అన్నావు. ఒకచోట ఉక్కు గోడ, మరోచోట కోట గోడ. గోడ కదలదు. ఇతడి గొప్పంతా కదలడంలోనే ఉంది. లిబెరో అన్న మాట వాడావు గానీ ఆ పనేమిటో చెప్పలేదు. డిఫెండర్లందరి వెనక ఉండి, ఎవరు తప్పినా ఆ ఖాళీలోకి వెళ్లడం అందులో సగం. బంతి కాలికందగానే తానే ముందుకు తీసుకెళ్లి ఆట మొదలుపెట్టడం మిగతా సగం. 1994 ప్రపంచ కప్‌లో, డాలస్‌లో స్పెయిన్ 2-0తో గెలుస్తున్నప్పుడు 85వ నిమిషంలో ఫ్రీ కిక్‌తో ఒక గోల్ వేసింది ఇతడే. చివరి నిమిషంలో సియో జంగ్ వోన్ స్కోరు సమం చేసిన బంతి అందించిందీ ఇతడే. అదే ఊళ్లో జర్మనీ మీద దూరం నుంచి కొట్టి మరో గోల్ వేశాడు. నీ గోడ ఈ పనులు చేయగలదా?

ముప్పై ఏళ్లుగా నేను ఒకటే చెబుతున్నాను. ఆటగాడి గురించి రాసేటప్పుడు పోలిక కోసం వెతకవద్దు. ఆ క్షణంలో అతడు ఎక్కడ నిలబడ్డాడో చూడు, అది రాయి. డిఫెండర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. గోల్ వేసేవాడిని కెమెరా వెతుక్కుంటుంది. డిఫెండర్‌ను మనమే వెతకాలి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 2002 జూన్ 18న ప్రపంచ కప్‌లో కొరియా, ఇటలీ ఆట మనకు సాయంత్రం వేళ వచ్చింది. నేను అప్పుడు ఒక దినపత్రిక క్రీడా విభాగంలో ఉన్నాను. కొరియా ఒక గోల్ వెనకబడి ఉంది. కోచ్ హిడింక్ 83వ నిమిషంలో తన కెప్టెన్ హాంగ్‌నే బయటికి పిలిచి ఫార్వర్డ్ చా డు రిని దింపాడు. అయిదు నిమిషాలకు సోల్ కి హ్యోన్ గోల్ వేశాడు. అదనపు సమయంలో ఆన్ జంగ్ హ్వాన్ వేసిన గోల్డెన్ గోల్‌తో, అంటే పడగానే ఆట ముగించే గోల్‌తో, ఇటలీ ఇంటికి వెళ్లింది. నాలుగో ప్రపంచ కప్ ఆడుతున్న కెప్టెన్ తన జట్టు జీవితంలోకెల్లా పెద్ద గెలుపును బయట కూర్చుని చూశాడని మూడు పేరాలు రాశాను. మా డెస్క్‌లో పెద్దాయన మూడూ కొట్టేశాడు. గోల్ వేసినవాడుండగా కూర్చున్నవాడి గోల దేనికని అడిగాడు. మర్నాడు పత్రికలో ఆన్ జంగ్ హ్వాన్ తప్ప మరెవరూ లేరు. ఆ పేరాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఆయన చేసింది తప్పేనని ఈ రోజుకూ అంటాను.

నాలుగు రోజుల తర్వాత గ్వాంగ్జులో స్పెయిన్ మీద అయిదో పెనాల్టీ కొట్టి కొరియాను సెమీఫైనల్‌కు తీసుకెళ్లింది హాంగే. అప్పటి అతడి నవ్వును నువ్వు ఒక పేజీ నిండా రాశావు. సరిగ్గా వారానికి డేగులో టర్కీ మీద మూడో స్థానం ఆటలో, మొదలైన పదకొండు సెకన్లకే అతడు బంతి పోగొట్టుకున్నాడు, హకాన్ షుకుర్ గోల్ వేశాడు. ప్రపంచ కప్ చరిత్రలో అంత త్వరగా పడిన గోల్ లేదు. నీ వ్యాసంలో అది ఎక్కడ? ఆ టోర్నీలోనే మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే కాంస్య బంతి కూడా అతడికి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టు, పాఠకుడు నీ గోడను మర్చిపోతాడు.

ఇక కోచ్ జీవితం. 2012లో ఫార్వర్డ్ పార్క్ చు యంగ్ తప్పనిసరి సైనిక సేవను వాయిదా వేయించుకున్నాడని కొరియాలో జనం మండిపడుతున్నారు. పత్రికల వాళ్ల ముందు అతడి పక్కన వచ్చి కూర్చున్నాడు ఒలింపిక్ జట్టు కోచ్‌గా ఉన్న హాంగ్. వీడు వెళ్లకపోతే బదులుగా నేను వెళతాను అన్నాడు. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం జపాన్‌తో కార్డిఫ్‌లో ఆడినప్పుడు మొదటి గోల్ వేసింది ఆ పార్కే. అప్పటి నిబంధన ప్రకారం పతకం వస్తే సైనిక సేవ నుంచి మినహాయింపు, కానీ ఒక్క నిమిషమైనా ఆడి ఉండాలి. అందుకే ఆఖరి నిమిషాల్లో, అప్పటిదాకా ఒక్కసారీ మైదానంలోకి దిగని కిమ్ కీ హీని దింపాడు. లిబెరో చేసేది అదే పని కదా.

రెండేళ్ల తర్వాత ఆ గుణమే అతడిని ముంచింది. జాతీయ కోచ్‌గా, క్లబ్బులో ఆడని వాళ్లను తీసుకోనని ముందు చెప్పి, పార్క్ కోసం ఆ మాట తప్పాడు. బ్రెజిల్‌లో 2014 ప్రపంచ కప్‌లో అల్జీరియా నాలుగు గోల్స్ వేసింది, కొరియా ఒక్క ఆటా గెలవలేదు. ఇంచియాన్ విమానాశ్రయంలో జట్టు వరుసగా నిలబడి ఉంటే కాళ్ల దగ్గర మిఠాయి ముక్కలు వచ్చి పడ్డాయి. దాన్ని యొట్ అంటారు, కొరియాలో యొట్ తిను అనడం తిట్టు. 2012లో మెచ్చుకున్నదీ 2014లో తిట్టిందీ ఒకే పనిని. దీన్ని ఒడిదుడుకులు అంటావా?

ఆ తర్వాత ఉల్సాన్ క్లబ్బుకు పదిహేడేళ్లుగా రాని లీగ్ టైటిల్ 2022లో తెచ్చిపెట్టాడు, మరుసటి ఏడాదీ గెలిపించాడు. 2024లో సీజన్ మధ్యలోనే ఆ జట్టును వదిలి మళ్లీ జాతీయ కోచ్ అయ్యాడు. ఎంపిక సరిగ్గా జరగలేదని గొడవ రేగింది. సియోల్‌లో పాలస్తీనాతో ఆట గోల్ లేకుండా ముగిసిన రోజు సొంత ప్రేక్షకులే కేకలు వేసి అవమానించారు, పార్లమెంటు పిలిచి ప్రశ్నలు వేసింది. నువ్వు అతడి పక్షం వహించనక్కరలేదు. ఉల్సాన్ అభిమానుల కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. కానీ అదీ రాయి.

పేరు సంగతి. మ్యుంగ్ బో ఇంటిపేరు అనుకున్నట్టున్నావు. ఇంటిపేరు హాంగ్, అది ముందు వస్తుంది. తెలుగువాళ్లం మనమే ఈ తప్పు చేస్తే ఎలా?

పుస్తకం వేయడం గురించీ పత్రికల చిరునామాల గురించీ అడిగావు. వ్యాసం తిరగరాసి పంపు, తర్వాత చూద్దాం. ఈలోగా 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్ గురించి చదువు. మన ఫుట్‌బాల్ జట్టుకు హైదరాబాద్ రహీం సాబ్ కోచ్, ఎదుట దక్షిణ కొరియా. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసకు పంపాడు. అతడు గోల్ వేశాడు, మనం 2-1తో గెలిచాం. రహీం సాబ్ మరుసటి ఏడాదే పోయారు. ఆయన గురించి నేను రాసిన దాన్ని కూడా రెండు పత్రికలు తిప్పి పంపాయి.

2025 జూన్‌లో బస్రాలో ఇరాక్‌ను 2-0తో ఓడించి కొరియా వరుసగా పదకొండోసారి ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. ఆ ఆట నేను చూడలేకపోయాను. చివరి విజిల్ మోగినప్పుడు హాంగ్ ఎక్కడ నిలబడి ఉన్నాడో వీడియో చూసి నాకు రాయి.