చిమ్నీ పక్కన తారు పూస్తే కారడం ఆగుతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 1972లో కట్టిన ఇల్లు మూడేళ్ళ క్రితం కొన్నాం. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంది. దాని ఇటుక చిమ్నీ కప్పు మధ్యలోంచి పైకి వెళ్తుంది. పోయిన ఏడాది నుంచి గాలివాన వస్తే చాలు, చిమ్నీ పక్కన సీలింగ్ మీద టీ ఒలికినట్టు ఒక మరక పెరుగుతోంది. ఒకతను 350 డాలర్లు తీసుకుని చిమ్నీ చుట్టూ నల్లటి తారు పూసి వెళ్ళాడు. నాలుగు నెలలు ఆగి మళ్ళీ మొదలైంది. ఇంకొకతను కప్పు మొత్తం మార్చాల్సిందే అంటున్నాడు. షింగిల్స్ (కప్పు మీద పరిచే తారు పలకలు) వేసి తొమ్మిదేళ్ళే అయిందని పాత ఓనరు కాగితాల్లో ఉంది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు వాన పడినప్పుడల్లా కింద గిన్నె పెట్టి కూర్చుంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: అమ్మా, కప్పు మొత్తం మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. షింగిల్స్ అంచులు పైకి లేవకుండా, వాటి మీదున్న రాతిపొడి రాలిపోకుండా ఉంటే తొమ్మిదేళ్ళకే వాటిని పీకి పారేయాల్సిన పని లేదు. మీరు రాసినదాన్నిబట్టి నా అనుమానం కప్పు మీద కాదు, కప్పూ చిమ్నీ కలిసేచోట వేసే రేకు మీద. దాన్నే ఫ్లాషింగ్ అంటారు. ఇరవై రెండేళ్ళు ఈ రాష్ట్రంలో ఇళ్ళు తనిఖీ చేశాను. చిమ్నీ పక్కన మరక అని పిలిచిన ఇళ్ళలో ఎక్కువసార్లు నాకు కనపడింది ఇదే: పాడైన రేకు, దాని మీద తారు, ఆ తారు మీద ఇంకో పూత తారు.

మన పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. తెనాలి దగ్గర మా ఇంటికి ఏటా తొలకరికి ముందు నాన్న పెంకులు సర్దించేవారు. పెంకుకీ పెంకుకీ మధ్య అంటించేది ఏమీ ఉండదు. పై పెంకు కింది పెంకు మీదికి వస్తుంది, నీళ్ళు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జారి చూరు దాకా పోతాయి. షింగిల్స్ కప్పూ అంతే. చిమ్నీ దగ్గర ఆ వరస తెగిపోతుంది. తెగినచోట రేకులతో మళ్ళీ అదే వరస కట్టాలి.

ఆ రేకులు రెండు రకాలుగా ఎందుకుంటాయో తెలిస్తే మిమ్మల్ని ఎవరూ మభ్యపెట్టలేరు. ఇటుక చిమ్నీ తన పునాది మీద తాను విడిగా నిలబడుతుంది. కప్పు చెక్క వాసాల మీద ఉంటుంది. చలికీ ఎండకీ, తేమకీ చెక్క కదులుతుంది, ఇటుక దానితో పాటు కదలదు. అందుకే ఒక రేకును కప్పుకి, ఇంకో రేకును చిమ్నీకి బిగిస్తారు. మొదటిది స్టెప్ ఫ్లాషింగ్. మోచేయిలా వంచిన చిన్న చిన్న ముక్కలు, షింగిల్ వరసకొకటి, మెట్లలా పైకి ఎక్కుతాయి. ఒక్కో ముక్క గోడ మీదికి 4 అంగుళాలు, కప్పు మీదికి 4 అంగుళాలైనా రావాలి. రెండోది కౌంటర్ ఫ్లాషింగ్. ఇటుకల మధ్య సిమెంటు జాయింటును గ్రైండర్‌తో అంగుళం లోతు కోసి, రేకు అంచును అందులో దూర్చి కిందికి వంచుతారు. అది మొదటి రేకు మీద కొంగులా వేలాడుతుంది. ఈ రెండింటినీ ఒకదానికొకటి బిగించరు. కప్పు కదిలితే ఒకటి రెండోదాని వెనక జరుగుతుంది, అంతే. తారు పూస్తే రెండూ అతుక్కుపోతాయి. ఒక చలికాలం గడిచేసరికి తారు చిట్లుతుంది, ఆ పగుల్లోకి దిగిన నీళ్ళు బయటికి రాలేవు.

ఇది నేను నా సొంత ఇంట్లోనే నేర్చుకున్నాను. 1994లో మా మొదటి ఇంటికి ఒక పనివాడు ఇలాగే తారు పూశాడు. పైకి నీటుగా కనిపించింది, మరక కూడా ఆగింది, నేనూ నమ్మాను. మూడో చలికాలం తర్వాత అటిక్‌లోకి (సీలింగ్‌కీ కప్పుకీ మధ్య ఖాళీలోకి) వెళ్ళి చిమ్నీ వెనక చెక్కను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే పిడి దాకా దిగిపోయింది. రెండు వాసాలు, ఒక ప్లైవుడ్ షీటు మార్పించాల్సి వచ్చింది. ఆ చెక్క వాసన ఇప్పటికీ నాకు గుర్తుంది. మీ ఇంట్లో అంతదాకా రానివ్వకండి.

ముందు నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో తేల్చుకోండి. సీలింగ్ మీద మరక ఉన్నచోటే పైన చిల్లు ఉంటుందనుకోవద్దు. నీళ్ళు వాసం పట్టుకుని కొంత దూరం నడిచి అక్కడ చుక్క కడతాయి. పొడిగా ఉన్న రోజు ఒకరు టార్చితో అటిక్‌లో కూర్చోవాలి, ఇంకొకరు గొట్టంతో పైన నీళ్ళు పట్టాలి. పైన ఉండేది అలవాటున్న పనివాడే కావాలి, మీ ఆయన్ని ఎక్కనివ్వకండి. చిమ్నీ కింది అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట పది పదిహేను నిమిషాలు పట్టి, తర్వాత పక్కలకు, వెనక్కి, ఇటుకల మీదికి, చివరికి చిమ్నీ నెత్తిన ఉన్న సిమెంటు దిమ్మ మీదికి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తెలియదు. నెత్తి మీద పట్టినప్పుడే కారితే రేకు తప్పు కాదు, ఆ దిమ్మ పగిలింది. ఇటుకల మీద పట్టినప్పుడు కారితే ఇటుకే నీళ్ళు తాగుతోంది. జాయింట్లు సరిచేసి, వాన నీళ్ళను లోపలికి రానీకుండా, ఆవిరిని బయటికి పోనిచ్చే సైలోక్సేన్ రకం మందు కొట్టించాలి. మెరిసే పెయింటు మాత్రం వద్దు; లోపలి తేమ గడ్డకట్టి ఇటుక ముఖం ఊడిపోతుంది.

వాన లేని చలి రోజుల్లో కూడా మరక తడిగా ఉంటోందా? అలాగైతే గ్యాస్ వాటర్ హీటర్ పొగగొట్టం ఏదైనా అదే చిమ్నీలోకి వెళ్తోందేమో చూపించండి. ఆ పొగలోని ఆవిరి చల్లబడి లోపలే నీరవుతుంది. అది రూఫర్ (కప్పు పనివాడి) పని కాదు. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం పనిచేస్తోందో లేదో ఈ రోజే చూడండి.

ఇంకో మాట. కొప్పుకి (కప్పు రెండు వాలులూ పైన కలిసే అంచుకి) సమాంతరంగా మీ చిమ్నీ వెడల్పు ఎంత? 30 అంగుళాలు దాటితే, అది కొప్పుకి కింద వాలులో ఉంటే, వెనక చిన్న గుడారంలా రెండువైపులా వాలు కట్టాలని ఇక్కడి బిల్డింగ్ కోడ్ చెబుతుంది. దాన్ని క్రికెట్ అంటారు. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఉండదు. ఆకులు, మంచు అక్కడే పేరుకుని, కరిగిన నీళ్ళు షింగిల్స్ కిందికి ఎక్కుతాయి.

పనివాడితో కాగితం మీద రాయించుకోండి: పాత తారంతా గీకడం, చిమ్నీ చుట్టూ షింగిల్స్ విప్పడం, కింద అంటుకునే వాటర్‌ప్రూఫ్ షీటు, కొత్త స్టెప్ ఫ్లాషింగ్, జాయింటు కోసి దూర్చిన కొత్త కౌంటర్ ఫ్లాషింగ్, అవసరమైతే క్రికెట్. పాత రేకులే మళ్ళీ వాడతానంటే ఒప్పుకోవద్దు. సిమెంటులో దూర్చే రేకు ఉత్త అల్యూమినియం అయితే సిమెంటు దాన్ని తినేస్తుంది. రాగి గానీ సీసం గానీ మంచిది. షింగిల్స్ మూసేముందు ఫోటోలు అడగండి. న్యూజెర్సీలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టర్లు రాష్ట్ర వినియోగదారుల విభాగంలో రిజిస్టర్ చేసుకోవాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు చూపించలేని మనిషికి అడ్వాన్సు ఇవ్వకండి.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. గిన్నె అప్పుడే తీయవద్దనండి. ఏ రోజు వాన పడింది, గాలి ఎటునుంచి కొట్టింది, గిన్నెలో ఎన్ని నీళ్ళు పడ్డాయి, ఒక కాగితం మీద రాయించండి. ఈశాన్యం గాలికే ఎక్కువ కారుతుంటే, పనివాడు ముందు ఆ వైపు షింగిల్స్ విప్పి చూడాలి.