మోనీ లవ్ రాపర్‌గా ఎదిగి రేడియోలోకి ఎలా వచ్చారు?

మోనీ లవ్ 1970లో లండన్‌లో పుట్టారు. అమెరికాలోని నేటివ్ టంగ్స్ అనే హిప్-హాప్ కళాకారుల బృందంతో కలిసి పేరు తెచ్చుకున్నారు. 1989లో అమెరికన్ రాపర్ క్వీన్ లతీఫాతో చేసిన 'లేడీస్ ఫస్ట్' పాట తప్పకుండా వినండి. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ర్యాప్ మగవాళ్ల సొత్తు కాదని ఇద్దరూ తేల్చేస్తారు. మోనీ ఎంత వేగంగా వెళ్లినా ఒక్క అక్షరం కూడా నలగదు. 1990లో సొంత ఆల్బమ్ 'డౌన్ టు ఎర్త్', గ్రామీ నామినేషన్లు, 1993లో రెండో ఆల్బమ్.

తర్వాత న్యూయార్క్‌లో హాట్ 97 రేడియోలో, ఆపై ఫిలడెల్ఫియాలో మార్నింగ్ షో చేశారు. నాకు ఆమె హోస్ట్‌గా ఎక్కువ నచ్చింది 2006లో. హిప్-హాప్ చచ్చిపోయిందని రాపర్ నాస్ అన్న మాట మీద మరో రాపర్ యంగ్ జీజీతో షోలోనే గట్టిగా వాదించారు. వచ్చింది పెద్ద స్టార్ అని మొహమాటపడలేదు.