యూపీవీసీ ఫ్రేమ్‌లో రోలర్ బ్లైండ్ బ్రాకెట్ ఊడిపోతుంటే

తప్పు బ్రాకెట్‌ది కాదు, స్క్రూది. రోలర్ బ్లైండ్ (పైకి చుట్టుకునే కిటికీ తెర) గొలుసు లాగినప్పుడల్లా ఎడమ బ్రాకెట్ కదిలి, రెండుసార్లు స్క్రూ మార్చినా ఊడొస్తోందన్నారు కదా, ఆ స్క్రూ ఉత్త ప్లాస్టిక్‌ని పట్టుకుని వేలాడుతోంది. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ ఫ్రేమ్ లోపల బోలుగా ఉంటుంది, పై పొర మందం రెండు మూడు మిల్లీమీటర్లే. లావు స్క్రూ వేస్తే రంధ్రం పెద్దదవుతుంది, అంతే.

1. బ్లైండ్ దించి, పాత రంధ్రాలను తెల్ల సిలికాన్‌తో మూసేయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫ్రేమ్ మీద అయస్కాంతం పెట్టి మెల్లగా జరపండి. ఫ్రిజ్ తలుపు మీది బొమ్మ చాలదు, పాడైన స్పీకర్‌లోది బాగా పట్టుకుంటుంది. లాగినట్టు అనిపించిన చోట లోపల స్టీల్ ఉంది. పెన్సిల్‌తో గీత పెట్టండి. స్టీల్ అన్ని ఫ్రేముల్లో ఉండదు, మూల దాకా కూడా రాకపోవచ్చు. మీ ఎడమ బ్రాకెట్ సరిగ్గా మూలలోనే ఉందేమో చూడండి.

3. ఆ గీత మీద సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వేయండి. దాని మొన డ్రిల్ బిట్‌లా ఉంటుంది. గాజు అంచు బీడింగ్‌లో (గాజును పట్టి ఉంచే పట్టీలో) మాత్రం వద్దు.

4. రెండు బ్రాకెట్లూ ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే గుడ్డ పక్కకి చుట్టుకుంటుంది.

అయస్కాంతం ఎక్కడా పట్టకపోతే ఫ్రేమ్ జోలికి పోకండి. పైన గోడకే 6 మి.మీ. ప్లగ్గులు (స్క్రూ పట్టుకునేలా రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు) వేయండి. అక్కడ సాధారణంగా లింటెల్ (కిటికీ పైన అడ్డంగా ఉండే దూలం) కాంక్రీటు ఉంటుంది కాబట్టి హామర్ డ్రిల్ కావాలి.