ముందు ఆట, తర్వాతే సున్నం

(రంగస్థలం గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. జవాబులు రాసేవారు గుంటూరులో పరిషత్తు నాటకాలకు లైటింగ్ చేసినవారు. ప్రస్తుతం అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, ఉగాది తర్వాత మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు క్లీవ్‌లాండ్‌ త్యాగరాజ ఆరాధనోత్సవాలు చూశాం. కచేరీ అయ్యాక అలా నడుచుకుంటూ వెళ్తే నడిరోడ్డు మీద పెద్ద షాండ్లియర్ వేలాడుతోంది. చుట్టూ పాత థియేటర్లు. ఒకప్పుడు వాడెవిల్ హాళ్ళట, మధ్యలో మూతపడ్డాయట. సినిమా మింగేసిన హాళ్ళు మళ్ళీ ఎలా బతికాయి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీరు నడిచింది యూక్లిడ్ ఎవెన్యూ. ఆ షాండ్లియర్ 2014లో పెట్టింది, పాతది కాదు. దగ్గర్లోని స్టేట్, ఒహాయో, హానా, ఆలెన్, ప్యాలెస్ థియేటర్లు మాత్రం 1921, 1922 సంవత్సరాల్లో తెరిచినవి. అన్నిటినీ కలిపి ప్లేహౌస్ స్క్వేర్ అంటారు. అక్కడ ఎర్రకోటు వేసుకుని ప్రేక్షకులకు సీట్లు చూపించే వాలంటీర్లలో నేనూ ఒకడిని. అందుకే మీ ఉత్తరం చూసి ఎంతో సంతోషమేసింది.

అయిదూ వాడెవిల్ హాళ్ళు కావు. ఒహాయో, హానా నాటకాలకు కట్టారు, ఆలెన్ మూగ సినిమాలకు. స్టేట్‌లో సినిమా, వాడెవిల్ రెండూ నడిచేవి. ప్యాలెస్ వాడెవిల్ కోసమే కట్టింది. వాడెవిల్ అంటే ఒకే టిక్కెట్టు మీద ఎనిమిదో పదో అంశాలు. పాట, డాన్సు, గారడీ, హాస్యం, కుక్కల ఆట, అన్నీ ఒకదాని వెనక ఒకటి. మన తిరునాళ్ళలో డేరా డేరాకీ తిరిగి చూసేవన్నీ ఒకే పందిట్లో చూపించినట్టు. ఒక అంశం ముందు తెర దగ్గర జరుగుతుంటే, తెర వెనక తర్వాతి అంశానికి సామాను సర్దేసేవారు. మన పద్య నాటకాల్లో దర్బారు సీను సిద్ధమయ్యేదాకా ముందు తెర మీద హాస్యం నడిపిస్తారే, ఆ కిటుకే ఇది.

వీటిని సినిమా ఒక్కటే మింగలేదు. వాడెవిల్ పోయాక కూడా సినిమాలతో చాలా ఏళ్ళు నడిచాయి. టీవీ వచ్చి, జనం ఊరి బయట కాలనీలకు తరలిపోయాక సాయంత్రం డౌన్‌టౌన్‌కి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. 1968, 69లలో, ఏడాదిన్నర తిరక్కుండానే నాలుగు హాళ్ళు మూతపడ్డాయి. హానా ఒక్కటీ నిలబడింది.

1970లో రే షెపర్డ్‌సన్ అనే స్కూల్ బోర్డు ఉద్యోగి టీచర్ల మీటింగుకి హాలు వెతుక్కుంటూ స్టేట్ థియేటర్లో అడుగుపెట్టాడు. ఆ లాబీ మీరు చూసి తీరాలి, ఈసారి తప్పకుండా లోపలికి వెళ్ళండి. పొడవు 320 అడుగులు. మెయిన్ రోడ్డు మీద స్థలం ఖరీదెక్కువ కాబట్టి హాలుని బాగా వెనక్కి కట్టి, రోడ్డు వైపు సన్నటి ముఖద్వారం పెట్టారు. ఆ రెండిటినీ కలిపే దారి ఇది. గోడల పైభాగంలో జేమ్స్ డాహర్టీ వేసిన నాలుగు పెద్ద చిత్రాలున్నాయి, యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాలకు ఒక్కొక్కటి. డ్యూటీ ఉన్న రోజు నేను కాస్త ముందుగా వెళ్ళి ఆసియా బొమ్మ కింద నిలబడతాను. నూరేళ్ళు దాటినా ఆ రంగుల జోరు తగ్గలేదు.

అంత అందమైన హాలుని పడగొట్టి కార్ల పార్కింగ్ చేద్దామని 1972లో యజమానులు నిర్ణయించారు. ఊళ్ళో గొడవైంది. జూనియర్ లీగ్ అనే మహిళా సంఘం పాతిక వేల డాలర్లు ఇచ్చి ముందు నిలబడింది. అయితే నా దృష్టిలో అసలు మలుపు 1973లో వచ్చింది. షెపర్డ్‌సన్ మరమ్మతుల దాకా ఆగలేదు. లోపలి హాలు వాడే స్థితిలో లేదు కాబట్టి లాబీలోనే కుర్చీలు, బల్లలు వేయించి, జాక్ బ్రెల్ అనే బెల్జియం గాయకుడి పాటలతో అల్లిన చిన్న ప్రదర్శన పెట్టించాడు. రెండు మూడు వారాలు ఆడితే చాలనుకున్నారు. 1975 దాకా ఆడింది, 522 ప్రదర్శనలు! రాత్రిపూట డౌన్‌టౌన్‌కి ఎవరొస్తారు అన్నవాళ్ళకి అంతకంటే గట్టి జవాబు ఏముంటుంది? కౌంటీ ప్రభుత్వం ఆ భవనం కొనడం, బాగుచేతకు నిధులు రావడం, అన్నీ ఆ తర్వాతి సంగతులే.

ఒహాయో 1982లో, స్టేట్ 1984లో, ప్యాలెస్ 1988లో తెరుచుకున్నాయి. ఒహాయో లాబీ 1964 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. దాని పాత శోభ మళ్ళీ వచ్చింది 2016లో. అంటే హాలు తెరిచిన 34 ఏళ్ళకి! అన్నేళ్ళూ జనం మామూలు లాబీలోంచే వెళ్ళి నాటకాలు చూశారు. పాత హాలు బాగుచేద్దామనుకునే ప్రతివాళ్ళకీ నేను ఈ సంగతి చెబుతుంటాను. ఆట మొదలుపెట్టండి, సున్నాలూ నగిషీలూ తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న: అంత పెద్ద హాళ్ళు టిక్కెట్ల డబ్బుతోనే నడుస్తాయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నడవవు. ప్లేహౌస్ స్క్వేర్‌ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. చుట్టుపక్కల ఆఫీసు భవనాల మీద ఆ సంస్థకు అద్దెలొస్తాయి. 2020లో పూర్తయిన 34 అంతస్తుల ల్యూమెన్ అపార్టుమెంట్లు కూడా వాళ్ళు కట్టించినవే. దీనికి తోడు విరాళాలు, బ్రాడ్‌వే నాటకాల సీజన్ టిక్కెట్లు. అమెరికాలో చారిత్రక భవనాన్ని వ్యాపారానికి పనికొచ్చేలా బాగుచేస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం మేర ఫెడరల్ పన్ను రాయితీ ఉంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1977 నుంచీ మూతపడి ఉన్న కింగ్స్ థియేటర్ 2015లో దాదాపు 9.5 కోట్ల డాలర్ల ఖర్చుతో తెరుచుకుందంటే, అలాంటి రాయితీల చేయి కూడా ఉంది.

ఇంకో మాట. బతకాలంటే హాలు కొలత కూడా మారాలి. ఆలెన్‌లో ఒకప్పుడు రెండున్నర వేల సీట్లుండేవి. 2011లో దాన్ని అయిదొందల సీట్ల నాటకశాల చేశారు. కొత్త గోడలకి చిల్లులున్న లోహపు పలకలు వాడారు. లైటు పడే తీరునిబట్టి వాటి వెనక నుంచి 1921 నాటి పాత గోడలు కనిపిస్తాయి. లైటింగ్ వాడిని కదా, అది చూసినప్పుడల్లా ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది. పాతదాన్ని చెరిపేశారని కోపగించుకున్నవాళ్ళు ఉన్నారు. రెండు వేల ఖాళీ కుర్చీల ముందు నటుడిని నిలబెట్టడం కంటే ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: న్యూయార్క్‌లో ఒక థియేటర్‌ని జాకీలు పెట్టి పైకి లేపారట. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: నిజమే బాబూ. 1913లో తెరిచిన ప్యాలెస్ థియేటర్ అది, క్లీవ్‌లాండ్ ప్యాలెస్ కాదు. ప్యాలెస్‌లో ఒక్కసారైనా ఆడాలని వాడెవిల్ కళాకారులు కలలుగన్న చోటు. 2022లో హైడ్రాలిక్ జాకీలతో హాలు మొత్తాన్ని 30 అడుగులు పైకి లేపి, కింద దుకాణాలకు చోటు చేశారు. 2024లో మళ్ళీ తెరుచుకుంది. ఇంజనీర్లకు జోహార్లు. కానీ వీధిలోంచి నేరుగా హాల్లోకి నడిచే ఆ దగ్గరితనం పోయింది. నాకది లోటే.

ప్రశ్న: మా ఊళ్ళో మూతపడ్డ సినిమా హాలుని లీజుకి తీసుకుని నాటకాలు వేద్దామని మా సమాజం ఆలోచన. హాల్లో ముందు ఏం చూసుకోవాలి? టెన్షన్‌గా ఉంది.
– నాటక సమాజం కార్యదర్శి, పశ్చిమగోదావరి జిల్లా

జవాబు: టెన్షన్ వద్దు, ముందు టేపు పట్టుకెళ్ళండి. సినిమా తెర నుంచి దాని వెనకున్న గోడ దాకా లోతు కొలవండి. చాలా హాళ్ళలో స్పీకర్లు పట్టేంత చోటే ఉంటుంది. క్లీవ్‌లాండ్ స్టేట్ థియేటర్‌కీ ఈ ఇబ్బంది తప్పలేదు. బ్యాలే, ఒపెరాలకు పాత స్టేజీ చాలక వెనకవైపు కొత్తగా కట్టుకున్నారు. మీకు వెనక స్థలం లేకపోతే ముందు వరసల సీట్లు తీసేసి స్టేజీని ముందుకు పెంచండి. రెండు పక్కలా వింగ్స్‌కి, అంటే నటులు లోపలికీ బయటికీ వెళ్ళే మరుగుకి చోటు, సెట్ సామాను దించడానికి పెద్ద తలుపు, ఆడవాళ్ళకి విడిగా గ్రీన్ రూమ్ (మేకప్ గది) ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత మీ సమాజంలో పద్యం బాగా పాడేవాళ్ళని స్టేజీ మీద నిలబెట్టి మైకు లేకుండా పాడించండి. మీరు చివరి వరసలో కూర్చుని వినండి. సినిమా హాలు గోడలకి ఉండే మెత్తటి తాపడం గొంతుని పీల్చేస్తుంది. మాట అందకపోతే స్టేజీకి దగ్గరున్న గోడల మీద తాపడం తీసేసి చెక్క పలకలు వేయించి చూడండి. వైరింగ్ మాత్రం పాతది ఒక్క మీటరు కూడా ఉంచొద్దు. లైట్లకి విడిగా త్రీఫేజ్ లైను తీసుకోండి. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం) చేతికి రాకుండా ఒక్క టిక్కెట్టు కూడా అమ్మొద్దు.

ఇవి కుదిరితే నెలకో ఆదివారం ఆట పెట్టండి, గోడలు వెలిసిపోయి ఉన్నా సరే. లీజు మాత్రం అయిదేళ్ళకి తక్కువ కాకుండా, రిజిస్టరు చేయించుకోండి. అది కాగితం మీద పడేదాకా భవనం మీద పెద్ద ఖర్చు పెట్టొద్దు.