సినిమా సందేహాలు: ఎగిరే వీరుణ్ణి ఎలా నమ్ముతాం?

ప్రశ్న: సార్, మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. పాత డ్రామాలే సినిమాలంటారు నాన్నగారు. సూపర్ హీరో సినిమా పెడితే ‘మనిషి ఎగరడమేమిటి, లాజిక్ లేదు’ అంటూ లేచి వెళ్లిపోతారు. నాకేమో అవే ఇష్టం. మాలో ఎవరి మాట నిజం? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: మీ నాన్నగారి బాధ నిజమైనదే తల్లీ. కాకపోతే నొప్పి ఒకచోట ఉంటే ఆయన మరోచోట చెయ్యి పెట్టి చూపిస్తున్నారు. ఎగరడం వల్ల ఏ కథా చెడిపోదు.

తొమ్మిదో శతాబ్దంలోనే కావ్యశాస్త్రం రాసిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ అనే తన గ్రంథంలో ఈ సంగతి తేల్చాడు. కేవలం మానవుడైన రాజు సప్తసముద్రాలు దాటాడని రాస్తే, ఎంత సొగసుగా రాసినా అది నీరసంగానే ఉంటుందన్నాడు. దివ్యపాత్ర అయితే ఆ పేచీ లేదు. ‘అనౌచిత్యాదృతే నాన్యద్రసభంగస్య కారణం’ అన్నది ఆ చర్చలోని మాటే. పాత్రకు తగని పని అంటగట్టినప్పుడే రసం విరిగిపోతుంది.

దీన్ని పట్టుకుని రెండు సినిమాలు చూడండి. 1978 నాటి ‘సూపర్‌మాన్’లో కథానాయకుడు క్రిప్టన్ గ్రహం నుంచి వచ్చాడని ముందే చెప్పేశారు. కాబట్టి ఒక చేత్తో కథానాయిక లోయిస్‌నూ, మరో చేత్తో హెలికాప్టర్‌నూ పట్టుకున్నా ఎవరికీ అనుమానం రాదు. 2012లో వచ్చిన ‘ద డార్క్ నైట్ రైజెస్’లో బ్యాట్‌మ్యాన్‌గా మారే బ్రూస్ వేన్‌కు అలాంటి శక్తులేవీ లేవు. మనలాంటి మనిషే. వెన్ను విరిగి, ఎక్కడో దూరదేశంలో బావిలాంటి చెరసాలలో పడతాడు. పొడుచుకొచ్చిన వెన్నుపూసను తోటి ఖైదీ ఒక్క గుద్దుతో లోపలికి నెట్టి, తాడుతో వేలాడదీసి నిలబెడతాడు. బ్రూస్ పైకెక్కి బయటపడ్డాక, వంతెనలు పేల్చేసి శత్రువులు చుట్టుముట్టిన తన నగరం గోథమ్‌లో ప్రత్యక్షమవుతాడు. ఎలా వచ్చాడో చెప్పే షాట్ ఒక్కటీ లేదు. ఆనందవర్ధనుడు వద్దన్న రాజు ఇతనే! అదే సినిమాలో ఆ బావి ఎక్కే ఘట్టం మాత్రం నాకు ప్రాణం. నడుముకు తాడు కట్టుకుని దూకిన ప్రతిసారీ ఓడిపోయినవాడు, తాడు వదిలేసి చావుకు భయపడుతూ దూకినప్పుడు గెలుస్తాడు. అది అచ్చంగా మనిషి చేసే పని కాబట్టి కొలతలు వేసుకోకుండా నమ్మేస్తాం.

నాటకాలు ఆడించే రోజుల్లో ఈ తేడాను కళ్లారా చూశాను. గుడ్డ మీద రంగులతో వేసిన చెట్లను అడవి అంటే ప్రేక్షకులు మారుమాట లేకుండా ఒప్పుకునేవారు. అదే ఒక నాటకంలో, జోరువానలో పరుగెత్తుకొచ్చానన్న పాత్ర పొడి చొక్కాతో నిలబడితే ముందు వరసలోనే గుసగుసలు మొదలయ్యాయి. అడవిని ఊహించుకోవడం ప్రేక్షకుడి వంతు. చొక్కా తడిపి పంపడం మాత్రం మన బాధ్యత.

ప్రశ్న: క్లాసిక్స్ అన్నవాటిలో లాజిక్ లోపాలు లేవంటారా? పాతవి కాబట్టి చూసీచూడనట్టు వదిలేస్తున్నామని నా అనుమానం. (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: లేకేం, పుష్కలంగా ఉన్నాయి. 1941 నాటి ‘సిటిజన్ కేన్’ కథంతా, చనిపోతూ పత్రికాధిపతి కేన్ పలికిన ‘రోజ్‌బడ్’ అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఆ మాట అన్నప్పుడు గదిలో మనకు వేరే ఎవరూ కనిపించరు. చేతిలోని గాజుగోళం జారి పగిలాకే నర్సు తలుపు తీసుకుని వస్తుంది. తాను విన్నానని చివర్లో బట్లర్ చెబుతాడు గానీ ఆ దృశ్యంలో అతని జాడే లేదు. 1957 నాటి ‘12 యాంగ్రీ మెన్’లో హత్య కేసు తేల్చే పన్నెండుమంది పౌరుల జ్యూరీ ఉంటుంది. అందులో ఎనిమిదో జ్యూరర్ హత్యాయుధం లాంటి కత్తినే బయట కొనుక్కొచ్చి బల్ల మీద గుచ్చుతాడు. జ్యూరీ సభ్యుడు సొంతంగా సాక్ష్యం సేకరించడం నిజమైన కోర్టులో తప్పు, దానివల్ల విచారణే రద్దు కావచ్చు.

ఇవి తెలిసి కూడా నేను ఆ సినిమాలను నెత్తిన పెట్టుకుంటాను, పాతవి కావడం అందుకు కారణం కాదు. ఆ కత్తి తర్వాత గదిలో జరిగేదంతా ఎవరి స్వభావం కొద్దీ వారు చేసేదే. కొడుకుతో తెగతెంపులైన ఒక జ్యూరర్ ఆ కోపాన్ని ముద్దాయి కుర్రాడి మీద చూపించి, చివరికి కూలబడి ఏడుస్తాడు. అక్కడ ఒక్క అడుగు కూడా కిట్టించినట్టు అనిపించదు.

లోపం కథలో ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. ‘ఈడిపస్’ అనే పాత గ్రీకు నాటకం చూడండి. తనకు ముందు రాజైన లయస్ ఎలా చనిపోయాడో అన్నేళ్లు ఏలిన ఈడిపస్‌కు తెలియకపోవడం వింతే. అరిస్టాటిల్ కూడా దాన్ని అసంబద్ధమనే ఒప్పుకుని, అయితే అది నాటకానికి బయట ఉందన్నాడు. తెర లేచేసరికే అది జరిగిపోయిన సంగతి. మన ముందు జరిగేదంతా మాత్రం ఒకదాన్నుంచి ఒకటి పుడుతూ పోతుంది. 

కాకతాళీయం పాత్రను చిక్కుల్లోకి తోస్తే ఎంతైనా భరిస్తాను. చిక్కు విప్పడానికి వస్తే మాత్రం అనుమానిస్తాను. శాకుంతలం చూడండి. భారతంలోని కథలో దుర్వాసుడి శాపం లేదు, అది కాళిదాసు కల్పన. చేప కడుపులో ఉంగరం దొరకడం ఎంత పెద్ద కాకతాళీయం! కానీ ఉంగరం దొరికిన మరుక్షణం శకుంతల దొరకదు. జ్ఞాపకం తిరిగొచ్చిన దుష్యంతుడు ఆరో అంకంలో కుమిలిపోతాడు. ఆమెను చూడాలంటే ఏడో అంకం దాకా ఆగాల్సిందే. అదృష్టం ముందు దుఃఖాన్నే తెచ్చింది కాబట్టి మనకు అది తేరగా వచ్చిన పరిష్కారంలా అనిపించదు.

ప్రశ్న: సూపర్ హీరో సినిమాల్లో ఎవరు చచ్చినా నాకు ఏడుపు రాదు. ఎలాగూ తిరిగొస్తారు కదా! (ఒక గృహిణి)

జవాబు: మీతో చాలావరకు ఏకీభవిస్తాను. ఇందాకటి ‘సూపర్‌మాన్’ చివర్లో లోయిస్ చనిపోతుంది. అతను భూమి చుట్టూ గిరగిరా తిరిగి కాలాన్నే వెనక్కి మళ్లించి ఆమెను బతికించుకుంటాడు. నిజానికి ఆ ముగింపు రెండో సినిమా కోసం అనుకున్నది, తెచ్చి ఇక్కడ పెట్టారు. అతని ఏడుపు చూసి గుండె కరుగుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత ఏ ప్రమాదం వచ్చినా ‘మళ్లీ కాలాన్ని తిప్పొచ్చుగా’ అన్న ప్రశ్న మనల్ని వదలదు.

2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ఈ విషయంలో మెరుగు. ఐదేళ్ల కిందట మాయమైపోయినవాళ్లను తెచ్చేందుకు టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్) ఒప్పుకుంటాడు గానీ, గడిచిన ఐదేళ్లు చెరిగిపోకూడదని షరతు పెడతాడు. తన కూతురు పుట్టింది ఆ ఐదేళ్లలోనే. కాబట్టి తిరిగొచ్చినవాళ్లకు ఆ కాలం పోయినట్టే. చివరికి టోనీ కూడా ప్రాణం ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఇలాంటి సినిమాలకు మీకు ఏడుపు రాదంటున్నారు కాబట్టి ఆ కూతురి సంగతి గుర్తుపెట్టుకుని దీన్ని ఇంకోసారి చూడండి. గతంలోకి వెళ్లిన స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అమెరికా) ముసలివాడై బెంచీ మీద కనిపించే చోటు మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అతను వేరే కాలధారలో బతికి వచ్చాడని దర్శకులు, మొదటినుంచీ ఇదే లోకంలో ఉన్నాడని రచయితలు చెప్పారు. సినిమా పెట్టుకున్న నియమం ఏమిటో తీసినవాళ్లే తలోమాట చెబితే ప్రేక్షకుడు దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. హీరో పది సెకన్లు కాలాన్ని ఆపగలడు. క్లైమాక్స్‌లో అతని చెల్లెలు మేడ మీద నుంచి పడిపోతుంటే ఆపలేకపోతాడు. ‘ఎందుకు ఆపలేదు’ అని స్నేహితులందరూ అడుగుతున్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక యువ రచయిత)

జవాబు: మీ స్నేహితులు మీకు మేలు చేశారు. దానికి జవాబును క్లైమాక్స్‌లో డైలాగుగా పెట్టకండి, అక్కడ ఏం చెప్పినా సాకులాగే వినిపిస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే చూపించండి. ఒకసారి కాలాన్ని ఆపితే మళ్లీ ఆపడానికి ఒక పూట పడుతుందనుకుందాం. బస్సు తప్పిపోకూడదని అతను దాన్ని వాడుకున్నాక, అదే పూట ఇంకో చిన్న పనికి ప్రయత్నిస్తే కుదరకూడదు. ఆ దృశ్యం సరదాగా సాగనివ్వండి, చెల్లెల్ని కూడా అక్కడే నవ్వుతూ ఉంచండి. ప్రమాదం జరిగే రోజు ఉదయం, తన గొప్ప చూపించుకోవడానికో, చిన్న అబద్ధం కప్పిపుచ్చుకోవడానికో అతను శక్తిని ఖర్చుపెట్టేయాలి. ఆ ఖర్చు అతని స్వభావంలోంచి రావాలి సుమా, మీ అవసరంలోంచి కాదు. ఇలా మార్చి రాసి, కథ తెలియని ఒకరికి చదివి వినిపించండి. ఆ మేడ దగ్గరకొచ్చేసరికి మీరు చెప్పకముందే వాళ్లకు పొద్దుటి సంగతి గుర్తొస్తే చాలు, షూటింగ్ మొదలుపెట్టండి.