మేనకోడలికి లేఖ: మూడో ఆక్సిజన్ సంగతి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నికెల్, ఇనుము కలిసిన క్లస్టర్లకు (కొన్ని లోహ పరమాణువుల గుంపులకు) కార్బన్ డయాక్సైడ్ ఎలా బంధించుకుంటుందో పరిశోధించబోతున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పుడు గర్వంతో గుండె నిండింది. ఆ రాత్రి మాత్రం నా పాత తప్పు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

గాలి, తేమ తగలకుండా పనిచేసే గ్లోవ్ బాక్సు వాడకం నీకు తెలిసినదే. కార్బన్ డయాక్సైడ్ అణువు స్వభావం మాత్రం గుర్తుంచుకో: అది తిన్నగా, 180 డిగ్రీల కోణంలో ఉంటుంది, లోహం నుంచి కార్బన్‌కు ఎలక్ట్రాన్లు అందితేనే వంగుతుంది. 1975లో అరెస్టా బృందం చూపిన సంయోగంలో ఒకే నికెల్ పరమాణువు కార్బన్‌ను, ఒక ఆక్సిజన్‌ను పట్టుకుని ఉంది. కార్బన్ మోనాక్సైడ్ డీహైడ్రోజినేజ్ ఎంజైములో కార్బన్‌ను నికెల్, ఆక్సిజన్‌ను ఇనుము పట్టుకుంటాయని 2007లో స్ఫటిక నిర్మాణం చూపింది. ఆ పని పంపకం ఎంత అందమైనదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక నా తప్పు. నీ వయసులో నా క్లస్టరు ద్రావణంలోకి వాయువును పంపగానే అణువుల బంధాల కంపనాలను చూపే పరారుణ వర్ణపటంలో 1600 సెం.మీ⁻¹ ప్రాంతంలో కొత్త పట్టీ కనిపించింది. కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) ఉన్న వాయువు వాడితే అది కిందికి జరిగింది కనుక, అణువు చెక్కుచెదరకుండా బంధించుకుందని నమ్మి అందరికీ చెప్పాను. కొన్ని నెలల తర్వాత స్ఫటికం దొరికింది; అందులో కార్బన్ చుట్టూ మూడు ఆక్సిజన్లు ఉన్నాయి. సిలిండరు వాయువును ఆరబెట్టకపోవడంతో అందులోని తేమ లోహం మీద హైడ్రాక్సైడుగా మారి, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి, మూడు ఆక్సిజన్లున్న కార్బొనేటు అయింది. కార్బన్ ఆ వాయువులోనిదే కనుక పట్టీ జరిగింది. మూడో ఆక్సిజన్ ఎక్కడిదని మాత్రం నేను అడగలేదు. కావాలని చుక్క నీరు కలిపి అదే పట్టీ పెరుగుతుందేమో చూసి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. ఆక్సిజన్-18 (కాస్త బరువైన ఆక్సిజన్) ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో కూడా ప్రయోగం చేయకుండా ఎవరికీ ఏమీ చెప్పకు, తల్లీ. ఈ మాట కోపంగానే రాస్తున్నాను. ఆ నెలల బాధ నీకు రాకూడదు.

తేమ లేకుండానే కార్బొనేటు కనిపిస్తే నా భయం ఇంకా ఎక్కువ. క్షయకరణ స్థితిలో, అంటే ఎలక్ట్రాన్లు అందే చోట, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువుల నుంచి ఒక కార్బొనేటుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ పుట్టగలదు. దానికి వాసన ఉండదు, పైగా తక్కువ ఆక్సీకరణ స్థితిలోని నికెల్‌తో కలిస్తే ప్రాణాంతకమైన నికెల్ కార్బొనైల్ ఏర్పడవచ్చు. ఫ్లాస్కును ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే గూడు) బయట ఎన్నడూ తెరవకు, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం పక్కనే ఉంచుకో, రాత్రివేళ ఒంటరిగా ఆ పనికి పూనుకోకు. మొదటి వర్ణపటం తీసిన రోజున, ఎంత పొద్దుపోయినా సరే, నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య